రహదారి చీటీ నుంచి వీసా దాకా



వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి. మన ఊళ్ళో సగం తెలుగు ఇళ్ళలో ఇప్పుడు ఒకటే మాట. అమ్మా నాన్నా వస్తున్నారా, వీసా అయిందా, ఏమేం కాయితాలు పట్టుకెళ్ళమన్నారు? మిగతా సగం ఇళ్ళలో, మనమే ఏదో దేశం చూసొద్దామన్న హడావిడి. విదేశయాత్రకు ఏమేం సర్దుకోవాలో చెప్పే జాబితాలు కావలసినన్ని దొరుకుతాయి కాబట్టి ఈవేళ నేను జాబితా చదవను. ఆ జాబితాలో పైవరసలో ఉండే నాలుగైదు వస్తువులు మన చేతికి ఎలా వచ్చాయో చెబుతాను.

ముందు ఒక మాట సంగతి. ఇప్పుడు రహదారి అంటే పెద్ద రోడ్డు. పూర్వం రహదారి అంటే దారిలో కావలివాళ్ళకు చూపించే అనుమతి చీటీ. పారశీకం నుంచి వచ్చిన మాట. పాస్‌పోర్టుకు తెలుగు మాట లేదని కొందరు బాధపడుతుంటారు. ఉండేదండీ, దాన్ని రోడ్డుకిచ్చేశాం.

1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరారు. అక్కడి సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగం చేసినవారు. వెంట దాదాపు 100 మంది పరివారం, పల్లకీ బోయీలు, డేరాలు. తిరిగొచ్చేసరికి పదిహేను నెలలు దాటింది. హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్ళారు. అప్పటికి ఒకటి నిజాంది, ఇంకొకటి భోంసలే వాళ్ళది. ఇవాళ్టి లెక్కన చూస్తే రెండు విదేశాలు దాటినట్టే. వాటి ముందు మన ఇరవై మూడు కేజీల పెట్టెలు రెండూ ఏపాటివి చెప్పండి!

ఇప్పుడు మనం చూసే పాస్‌పోర్టు పుస్తకం మాత్రం యుద్ధంలో పుట్టింది. 1914కు ముందు రష్యా, టర్కీ లాంటి రాజ్యాలను మినహాయిస్తే, యూరప్ లో డబ్బున్నవాడు రైలెక్కి పాస్‌పోర్టు లేకుండానే దేశాలు తిరిగేవాడు. మొదటి ప్రపంచయుద్ధం రాగానే గూఢచారుల భయం పట్టుకుంది. 1915లో బ్రిటిషు ప్రభుత్వం మడతపెట్టే కాయితం మీద ఫొటో అంటించి, ముఖం ఎలాంటిది, రంగు ఏమిటి అని వర్ణన రాసి ఇవ్వడం మొదలుపెట్టింది. మన దేశంలో కూడా పాస్‌పోర్టులు ఇవ్వడం ఆ యుద్ధకాలంలోనే మొదలైంది. 1920లో నానాజాతిసమితి పారిస్ లో సమావేశం పెట్టి, అన్ని దేశాలకూ ఒకే తీరులో 32 పేజీల పుస్తకం ఉండాలని సూచించింది. మామూలు రోజులు వచ్చాక ఈ ఆంక్షలన్నీ పూర్తిగా ఎత్తేయాలన్నది ఆ సమావేశం కోరిక. నూరేళ్ళు దాటింది, ఆ మామూలు రోజులు ఇంకా రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1954లో మన ప్రభుత్వం మొదటి అయిదు ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయాలు తెరిచింది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, నాగపూరు. ఆంధ్రరాష్ట్రం ఏర్పడి అప్పటికి ఏడాది. అయినా పాస్‌పోర్టు కావాలంటే మనవాళ్ళు మళ్ళీ మద్రాసు రైలెక్కాల్సిందే.

అప్పట్లో పాస్‌పోర్టు పౌరుడి హక్కు కాదు. ప్రభుత్వం దయ తలచి ఇచ్చేది. ఎందుకివ్వలేదని అడగడానికి చట్టమే లేదు. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ కథలో పెద్ద మలుపు తిప్పినవాడు మన తెలుగువాడు. సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి ఉండేవాడు. మోటారు విడిభాగాలు దిగుమతి చేసే వ్యాపారం. ఆయన మీద ఏదో విచారణ నడుస్తుండగా 1966లో పాస్‌పోర్టులు తిరిగిచ్చేయమని ఉత్తరం వచ్చింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు. 1967 ఏప్రిల్ 10న అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు నిలవగా, సుబ్బారావుగారు మెజారిటీ తీర్పు ఇచ్చారు. విదేశాలకు వెళ్ళడం రాజ్యాంగం 21వ అధికరణంలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమనీ, చట్టం లేకుండా ప్రభుత్వం తన ఇష్టం వచ్చినట్టు పాస్‌పోర్టు ఆపడానికి వీల్లేదనీ దాని సారాంశం. ఆ మర్నాడే ఆయన పదవి వదిలేసి రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డారు, జాకిర్ హుస్సేన్ గారి మీద ఓడిపోయారు. ఎన్నిక అందరికీ గుర్తుంది, తీర్పు ఎవరికీ గుర్తులేదు. నాకు మాత్రం తీర్పే పెద్దదనిపిస్తుంది. ప్రభుత్వం హడావిడిగా ముందు ఆర్డినెన్సు, ఆ జూన్ లో పాస్‌పోర్టుల చట్టం తెచ్చింది. పాస్‌పోర్టు ఇవ్వకపోతే కారణం రాసివ్వాలి, అప్పీలుకు అవకాశం ఉండాలి అన్నవి అలా వచ్చాయి. ఆ తరవాతి ఏళ్ళలో అమెరికా వచ్చిన మన డాక్టర్లు, ఇంజనీర్లు అందరూ ఆ చట్టం కింద పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ళే.

పాస్‌పోర్టు ఉన్నా పైకం ఏది? మన సంఘంలో 1970ల మొదట్లో వచ్చిన పెద్దలను ఎవరినైనా అడగండి, ఎనిమిది డాలర్ల కథ చెబుతారు. విదేశీమారకం కరువు రోజులవి. రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి, పి ఫారం కావాలి. జేబులో ఎనిమిది డాలర్లతో దిగినవాడు విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి టాక్సీ ఎక్కడానికి కూడా ఆలోచించేవాడు. 1891లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వాళ్ళు ట్రావెలర్స్ చెక్కులు కనిపెట్టింది తమ కంపెనీ పెద్ద యూరప్ యాత్రలో డబ్బు మార్చుకోలేక పడ్డ అవస్థ చూసేనట. మనవాళ్ళకు మార్చుకోవడానికి అసలు డబ్బే లేదు! 2004లో రిజర్వు బ్యాంకు మనిషికి ఏడాదికి 25,000 డాలర్ల దాకా పంపుకోనిచ్చింది. ఇప్పుడది 250,000. అందులో నోట్ల రూపంలో మాత్రం చాలా దేశాలకు ప్రయాణానికి 3,000 డాలర్లే ఇస్తారు. మిగతాది కార్డులో వేసుకోవాలి.

ఇక వీసా. పూర్వం పరీక్ష ఓడ దిగాక జరిగేది. 1924 చట్టంతో అమెరికా ఆ పరీక్షను ఓడ ఎక్కకముందే, మన దేశంలోని కాన్సులేటులోనే చేయడం మొదలుపెట్టింది. 1952 చట్టంలో 214(బి) అని ఒక సెక్షను ఉంది. చూడ్డానికి వస్తానన్న ప్రతివాడూ ఇక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడని ముందే అనుకోవాలి, కాదని నిరూపించుకోవలసిన భారం అతనిదే. కూతురి పురుటికి తల్లి రాలేకపోయిన ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి కదా, చాలావాటి వెనక ఉన్నది ఈ ఒక్క వాక్యమే.

2004లో మా అమ్మా నాన్నా భీమవరంలో సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కి వీసాకు చెన్నై వెళ్ళారు. నాన్నగారు పట్టాదారు పాస్‌పుస్తకాలు, పన్ను రశీదులు, చివరికి పెళ్ళిఫొటో కూడా ప్లాస్టిక్ కవరులో పెట్టి తీసుకెళ్ళారు. కిటికీ దగ్గర ఆ కవరు ఎవరూ తెరవలేదు. అబ్బాయి ఏం చేస్తాడు, ఎన్నాళ్ళుంటారు, తిరిగివెళ్ళి ఏం చేస్తారు అని అడిగారు. నాన్నగారు, “వరికోతలు ఉన్నాయండీ” అన్నారు. అంతే, అయిపోయింది. ఈ కథ వల్ల కాయితాలు అక్కర్లేదని కాదు. చట్టం అడిగేది ఆస్తి ఎంతని కాదు, తిరిగి ఎందుకు వెళతావని. అమ్మానాన్నలకు నేర్పించిన జవాబులు కంఠతా పట్టించకండి. వాళ్ళ మాట వాళ్ళనే చెప్పనివ్వండి.

హైదరాబాదులో కాన్సులేటు 2008లో తెరిచారు, బేగంపేట పైగా ప్యాలెస్ లో 2009 నుంచి వీసాలు ఇచ్చారు. 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. ఒక తరం తిరిగిన మద్రాసు రైలు అలా ఆగింది.

ఇంకొకటి. వీసా మీద పదేళ్ళని ఉంటే పదేళ్ళు ఉండొచ్చని కాదు. ఎన్నాళ్ళుండాలో విమానాశ్రయంలో అధికారి రాసే ఐ-94 తేదీ చెబుతుంది, మామూలుగా ఆరు నెలలు. విమానంలో వచ్చేవాళ్ళకు ఆ తెల్లకాయితం 2013లో పోయింది, ఇప్పుడు ఇంటర్నెట్ లో చూసుకోవాలి. పెద్దవాళ్ళు దిగిన రాత్రే చూసి ప్రింటు తీసుకోండి.

చివరగా సూదిమందు. ఒకప్పుడు మశూచి టీకా సర్టిఫికెట్టు లేనిదే ప్రయాణం సాగేది కాదు. 1980లో మశూచి లోకంలోనే లేదని ప్రకటించాక అది పోయింది. పసుపు జ్వరం కార్డు మాత్రం మిగిలింది. ఆ జ్వరాన్ని మోసే దోమ మన దేశంలో ఉంది, జ్వరం లేదు. అందుకే ఇండియా అంత పట్టుదలగా ఉంటుంది. కెన్యా సఫారీ చూసి అటునుంచి అటే ఇంటికి వెళదామనుకునేవాళ్ళు జాగ్రత్త. కార్డు లేకపోతే హైదరాబాదులో దిగాక ఆరు రోజుల దాకా విడిగా ఉంచగలరు. సూది వేయించుకున్న పది రోజులకుగాని ఆ కార్డు చెల్లదు. ఒకసారి వేయించుకుంటే 2016 నుంచి జీవితాంతం చెల్లుతుంది, కనక పాత కార్డు పసుపురంగుది ఇంట్లో ఎక్కడో ఉంటే పారేయకండి, వెతికి పాస్‌పోర్టులో పెట్టండి. సెలవు.