హిమా: పచ్చిక నేల, పేదవాని హక్కు

ఇస్లామ్‌కు పూర్వం అరేబియా ఎడారిలో నీరు, పచ్చిక ఎవరి అధీనంలో ఉంటే వారిదే పెత్తనం. బలవంతుడైన తెగ నాయకుడు ఎత్తయిన చోట తన కుక్కను మొరిగించి, ఆ అరుపు వినిపించినంత మేర నేలను తన ‘హిమా’గా ప్రకటించుకొనేవాడని ఇమామ్ షాఫియీ (మరణం 820) పేర్కొన్నారు. హిమా అనగా రక్షిత ప్రదేశం. అందులో ఇతరుల పశువులు మేయరాదు. నాయకుని పశువులు మాత్రం అందరి నేలలోనూ మేసేవి. కులైబ్ అనే నాయకుని హిమాలో ఒక పరాయి ఆడ ఒంటె ప్రవేశించగా అతడు దానిని బాణంతో కొట్టాడనీ, ఆ నిప్పురవ్వ నుండే బక్ర్, తగ్లిబ్ తెగల మధ్య బసూస్ యుద్ధం రగిలిందనీ అరబ్బుల గాథలు చెబుతాయి.

దైవప్రవక్త (స) ఈ పద్ధతిని తుడిచిపెట్టలేదు; దాని దిశను మార్చారు. హిమా అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు తప్ప మరెవరికీ లేదని ప్రకటించారు. అంటే ఏ నాయకుడూ తన సొంతానికి పచ్చికను నిషేధించుకొనే వీలు లేదన్నమాట. మదీనా సమీపాన ఉన్న నఖీ లోయను ఆయన ముస్లిముల గుర్రాల మేతకు కేటాయించారు. క్రీ.శ. 630లో మక్కా విజయ సందర్భంగా హరమ్ సరిహద్దులలో చెట్టు నరకడాన్నీ, వేటాడటాన్నీ నిషిద్ధంగా చాటారు. ఇళ్ళకూ, సమాధులకూ ఉపయోగపడే ఇజ్ఖిర్ గడ్డిని మినహాయించమని హజ్రత్ అబ్బాస్ (రజి) కోరగా అందుకు సమ్మతించారు. నిషేధం ఉండాలి, కాని అది మనిషి అవసరాన్ని గుర్తించాలి.

ఈ సూత్రానికి హజ్రత్ ఉమర్ (రజి) పాలన (634–644) గీటురాయి. ఆయన రబజా ప్రాంతంలో హిమా ఏర్పాటు చేసి, దానిపై హునై అనే వ్యక్తిని నియమించారు. కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు గలవారిని లోనికి రానివ్వమనీ, సంపన్నులైన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి), ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ (రజి)ల మందలను మాత్రం రానివ్వవద్దనీ ఆదేశించారు. వారి పశువులు చనిపోయినా వారికి ఖర్జూర తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని పశువులు చనిపోతే అతడు పిల్లలతో ఖలీఫా వాకిట నిలుస్తాడు. అప్పుడు బంగారం, వెండి ఇవ్వడం కంటే ఇప్పుడు గడ్డి, నీరు ఇవ్వడమే సులభమని ఆయన వివరించారు. ఆపై హజ్రత్ ఉస్మాన్ (రజి) ఖిలాఫత్‌లో హిమాల విస్తరణే ఆయనపై వచ్చిన ఆరోపణలలో ఒకటి అయింది. జకాత్ ఒంటెలు పెరిగినందువల్లనే విస్తరించవలసి వచ్చిందని ఆయన సమాధానమిచ్చారు. రక్షిత భూమి విషయంలో పాలకుడు సైతం ప్రజలకు జవాబుదారి అని ఈ ఉదంతం తెలుపుతుంది.

ధర్మశాస్త్రజ్ఞుడు మావర్దీ (మరణం 1058) ఈ అనుభవాన్ని నియమంగా మలిచారు. హిమాను పేదలకు ప్రత్యేకించవచ్చు. పేదలను తోసివేసి ధనికులకు ప్రత్యేకించరాదు.

ఇరవయ్యో శతాబ్దం వరకు అరేబియా తెగలు తమ హిమాలను కాపాడుకొంటూ వచ్చాయి. కరవు కాలానికి గడ్డిని దాచడం, వంతుల వారీగా మేపడం, కోతకు గడువు నిర్ణయించడం వారి కట్టుబాట్లు. 1953లో సౌదీ ప్రభుత్వం పచ్చిక భూములను అందరికీ తెరుస్తూ ఉత్తర్వు జారీ చేసింది. సమానత్వమే ఉద్దేశమైనా, కాపలా తొలగిన నేల అందరిదీ అయి, ఎవరి బాధ్యతా కాకుండా పోయింది. మితిమీరిన మేతతో అనేక చోట్ల పచ్చిక క్షీణించింది. 2004 నుండి లెబనాన్‌లో పక్షి సంరక్షణకై గ్రామస్థుల భాగస్వామ్యంతో హిమా పద్ధతిని పునరుద్ధరించారు.

కులైబ్ హిమా ఒకని గర్వానికి కంచె. 1953 తరువాతి నేలకు కంచే లేదు. ఈ రెండింటి నడుమ రబజా హిమా నిలుస్తుంది. అక్కడ గడ్డికీ రక్షణ ఉంది, పేదవాని గొర్రెకూ దారి ఉంది. నేడు అడవిని, చెరువును కాపాడే పేరుతో కంచె వేసేవారెవరైనా ముందుగా ఆలోచించవలసినది, ఆ కంచె ఎవరిని లోనికి రానిస్తుంది, ఎవరిని ఆపుతుంది అన్నదే.