మూసిన తలుపుల వెనుక: 2017 నాటి హైదరాబాదు వాణిజ్య చర్చలు

2017 జూలైలో 16 దేశాల ప్రతినిధులు హైదరాబాదులో సమావేశమయ్యారు. ఆసియాన్ కూటమిలోని 10 దేశాలతో పాటు చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, భారత్ కుదుర్చుకోదలచిన ప్రాంతీయ సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం (ఆర్‌సెప్) పై 19వ విడత చర్చలవి. అదే సమయంలో నగరంలో రైతు, కార్మిక, ఆరోగ్య సంఘాలు నిరసన సభలు జరిపాయి. తాము వ్యతిరేకిస్తున్న ముసాయిదాను మాత్రం ప్రభుత్వం వారికి ఏనాడూ చూపలేదు.

తెలిసినదంతా బయటికి పొక్కిన పత్రాల వల్లనే. జపాన్, కొరియాల ప్రతిపాదనలలో ఔషధ పరీక్షా ఫలితాలపై గుత్తహక్కు ఒకటి. మొదటి తయారీదారు సమర్పించిన ఫలితాలను ఆధారం చేసుకొని జెనరిక్ మందుకు కొన్నేళ్ళపాటు అనుమతి ఇవ్వరాదన్నది దాని సారాంశం. 1970 నాటి పేటెంట్ల చట్టం ఇచ్చిన వెసులుబాటుతో ఔషధ పరిశ్రమకు కేంద్రంగా ఎదిగిన హైదరాబాదుకు, చవక మందులపై ఆధారపడిన రోగులకు ఇది చిన్న విషయం కాదు.

ఈ గోప్యతకు చట్టంలోనే చోటుంది. అంతర్జాతీయ ఒప్పందాన్ని ఖరారు చేయడానికి మన రాజ్యాంగం పార్లమెంటు ముందస్తు ఆమోదాన్ని తప్పనిసరి చేయలేదు. వ్యవసాయం రాష్ట్రాల జాబితాలోనిదే అయినా, ఒప్పందాల అమలుకు ఏ విషయంపైనైనా శాసనం చేసే అధికారాన్ని 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని 8వ సెక్షను దేశ ఆర్థిక ప్రయోజనాలకు, విదేశీ సంబంధాలకు భంగం కలిగించే సమాచారాన్ని మినహాయించింది.

బేరమాడేవాడు తన చివరి ధరను దాచుకోవడం సహజమే. కానీ బల్లమీద పెట్టిన ప్రతిపాదన ఎదుటి పక్షానికి అప్పటికే తెలుసు. దానిని దాచడమంటే స్వదేశ పౌరుల నుండి దాచడమే. ఈ తేడాను కొందరు గుర్తించారు. ఐరోపా సమాఖ్య అమెరికాతో చర్చలకు తాను నిర్దేశించుకున్న మార్గదర్శకాలను 2014 అక్టోబరులో బహిర్గతం చేసింది. అమెరికా 2015లో చేసిన చట్టం, సంతకానికి 60 రోజుల ముందే ఒప్పంద పాఠాన్ని ప్రజల ముందుంచాలన్నది.

2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో భారత్ ఆర్‌సెప్ నుండి తప్పుకొంది. రైతులు, వర్తకులు, పరిశ్రమలు, కార్మికులు, వినియోగదారుల ప్రయోజనాలను ప్రధాని ఆనాడు ప్రస్తావించారు. మిగిలిన 15 దేశాలు 2020 నవంబరు 15న సంతకాలు చేశాయి. నిర్ణయానికి కారణంగా చెప్పదగినంత ముఖ్యులైన ఆ ప్రజలే, 2012లో మొదలై ఏడేళ్ళు నడిచిన చర్చలలో ముసాయిదాను చదవడానికి మాత్రం అర్హులు కాలేకపోయారు.