కాపడం మూట – పూర్వోత్తరాలు

నడుము పట్టినా, మెడ తిరగకపోయినా, ముసురు రోజులలో మోకాళ్ళు సలుపుతున్నా, తెలుగు ఇండ్లలో మొట్టమొదట వినవచ్చే మాట “కాస్త కాపడం పెట్టించుకోండి” అన్నదే. వైద్యునికి కబురు పంపడం ఆ తరువాతి సంగతి. ఇంత సామాన్యమైన పనికి చరిత్ర ఏమున్నదని కొందరికి తోచవచ్చును. రాజుల విజయాలకు శాసనాలున్నవి గాని, తవుడు మూటకు శాసనం వేయించినవారు లేరు. అయినప్పటికీ దాని చరిత్ర రెండువేల ఏళ్ళకు పైబడినది. ఆ చరిత్రలో నేటి గృహస్థుడు తెలుసుకోవలసిన హెచ్చరిక ఒకటి ఉన్నది. దానిని నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. తెలుసుకున్న తీరు ముందుగా మనవి చేస్తాను.

మాది జొన్నాడ. గౌతమీ తీరాన, రావులపాలెానికి ఎదుటి గట్టున ఉన్నది. పేరు వింటే జొన్న గుర్తుకు వచ్చునేమో గాని, ఆ సీమ అంతా వరికీ కొబ్బరికీ ఆటపట్టు. నా చిన్నతనంలో మా నాయనమ్మ కాపడానికి మూడు సరకులు వాడేది. పొద్దుటి పూట అయితే వేయించిన తవుడు. రాత్రివేళ అయితే రాళ్ళ ఉప్పు. పొలం పనిలో నడుము పట్టి వచ్చిన పాలేరుకు అయితే ఏటి ఇసుక. మట్టి మూకుడులో సరకు వేడిచేసి, పాత పంచె చింపిన గుడ్డలో మూటగట్టి, ముందు తన మోచేతి లోపలి వైపున ఆనించుకొని చూసుకొనేది. తరువాత రోగి ఒంటిమీద అద్దుతూ, అద్దిన ప్రతిసారీ, “చురుక్కుమంటోందా నాన్నా? హాయిగా ఉందా?” అని అడిగేది. ఆ ప్రశ్న అడగకుండా ఆమె మూట కదిపిన జ్ఞాపకం నాకు లేదు. పని అయిపోయిన తరువాత తవుడును పశువుల కుడితిలో కలిపేసేది.

కొన్నేళ్ళ క్రిందట మా నాన్నగారికి పాదాలు తిమ్మిరులెక్కి, రాత్రులు నిద్రపట్టక బాధపడినారు. ఆయన మధుమేహ రోగి. నేను నాయనమ్మను తలచుకొని, ఉప్పు మూట కట్టి, అరికాలికి కాపడం పెట్టినాను. “వేడి చాలునా నాన్నగారూ?” అని అడిగినాను. “ఏమీ తెలియడం లేదురా, ఇంకొంచెం కాచి పెట్టు” అన్నారు. ఇంకొంచెం కాచి పెట్టినాను. తెల్లవారి చూస్తే అరికాలు బొబ్బలెక్కి ఉన్నది. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టినది. నాయనమ్మ అడిగిన ప్రశ్ననే నేనూ అడిగినాను. కాని జవాబు చెప్పవలసిన పాదానికి స్పర్శ లేదన్న సంగతి గ్రహించలేకపోయినాను. కాపడం గురించి పాత గ్రంథాలు తిరగవేయడం ఆ తరువాతనే ఆరంభించినాను.

ఆయుర్వేదంలో దీనికి స్వేదకర్మ అని పేరు. స్వేదమంటే చెమట. చరక సంహితలోని సూత్రస్థానంలో పదునాలుగవ అధ్యాయం పూర్తిగా ఈ విషయానికే కేటాయింపబడినది. అగ్ని సంబంధం గల స్వేదాలు 13 విధాలని, అగ్ని అవసరం లేనివి 10 విధాలని అందులో లెక్క ఉన్నది. నిప్పు అక్కరలేని వాటిలో వ్యాయామం, బరువైన కప్పడం, ఎండ, ఆకలి మాత్రమే కాక భయమూ కోపమూ కూడ చేరినవి! పదమూడింటిలో మొట్టమొదటిది సంకరస్వేదం. ద్రవ్యాలను ముద్దగానో మూటగానో చేసి, గుడ్డ చుట్టి గాని చుట్టకుండా గాని ఒంటికి కాపడం పెట్టడం. మన తవుడు మూటకు ఇదే మూలపురుషుడు. వాతపు నొప్పులకు నువ్వులు, మినుములు, ఉలవలు వంటి జిడ్డుగల గింజలు చెప్పినాడు. కఫ సంబంధమైన వాటికి పొట్టుతో కూడిన యవలు, ఇసుక, రాయి, ఎండు పిడక, ఇనుము వంటి పొడి సరకులు చెప్పినాడు. మా నాయనమ్మ చరకాన్ని చదివినది కాదు. అయినా ఆమె మూకుడులో ఇసుక ఉన్నది. సుశ్రుతుడు ఈ పద్ధతులన్నిటినీ తాపం, ఊష్మం, ఉపనాహం, ద్రవం అని నాలుగు తెగలుగా కుదించినాడు. కేరళ వైద్యులు నవర బియ్యాన్ని పాలలో ఉడికించి కట్టే మూటలు నేటికీ ఈ సంప్రదాయంలోనివే.

అయితే ఆ అధ్యాయంలో నన్ను నిలవేసినది ద్రవ్యాల జాబితా కాదు. కాపడం ఎప్పుడు ఆపవలెనో, ఎవరికి పెట్టరాదో చెప్పిన భాగం. చలి, నొప్పి తగ్గి, బిగువూ బరువూ సడలి, శరీరం మెత్తబడి, చెమట పట్టగానే ఆపవలెనన్నాడు. అతిగా చేస్తే మూర్ఛ, దప్పిక, మంట, అవయవాలలో నీరసం కలుగుతవన్నాడు. కన్నులకు, గుండెకు, వృషణాలకు వేడి తగిలించరాదు. తప్పనిసరి అయితే అతి మృదువుగా తగిలించవలెను. స్వేదం చేసేటప్పుడు కన్నులను తామర రేకులతోనో, శుభ్రమైన గుడ్డతోనో, గోధుమ పిండి ముద్దతోనో కప్పవలెను. గుండె మీద చల్లని ముత్యాల హారమో, చల్లని పాత్రో, నీట తడిపిన చేయో ఆనించుతూ ఉండవలెను. ఇక స్వేదానికి తగనివారి పట్టిక ఉన్నది. గర్భిణులు, రక్తస్రావ రోగులు, అతిసారంతో ఉన్నవారు, నిత్యం మద్యం సేవించేవారు. వారి నడుమ మధుమేహులు.

ఆ మాట చూసినప్పుడు నా మనస్సు ఎట్లుండినదో చెప్పనక్కరలేదు. చరకుడు దోషాల పరిభాషలో ఆలోచించి ఆ నిషేధం పెట్టినాడు. నేటి వైద్యం వేరొక కారణం చెబుతున్నది: ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర హెచ్చుగా ఉంటే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శజ్ఞానం నశిస్తుందని, రక్తప్రసారం తగ్గి పుండు త్వరగా మానదని. దారులు వేరైనా రెండూ ఒక్క హెచ్చరిక వద్దకే చేరినవి.

మన దేశంలోనే కాదు, గ్రీసు దేశంలోనూ ఇటువంటి మూటే కనబడుతుంది. క్రీస్తుకు పూర్వం ఐదవ శతాబ్దానికి చెందిన హిపోక్రటీసు పేర వెలసిన గ్రంథాలలో, తీవ్ర వ్యాధులలో పాటించవలసిన పథ్యం గురించినది ఒకటి ఉన్నది. అందులో ప్రక్కనొప్పికి వేడినీరు నింపిన తోలుతిత్తిని గాని, కంచు పాత్రను గాని, మట్టి పాత్రను గాని మెత్తని గుడ్డ వేసి ఆనించమన్నారు. పొడి కాపడానికి ఉప్పునో, వేయించిన చిరుధాన్యాన్నో ఉన్ని సంచులలో పోసి వాడమన్నారు. చిరుధాన్యం తేలికగా, హాయిగా ఉంటుందని మెచ్చుకొన్నారు. ఇంత దూరపు రెండు సీమలలో ఒకే విధమైన సంచి ఎట్లు పుట్టినదంటే, జవాబు తేలికయే. ఏ ఇంట నొప్పి వచ్చినా చేతికి అందేది వంటింటి సరకే. గింజ పండే చోట గింజ, ఉప్పు దొరికే చోట ఉప్పు, ఏరు పారే చోట ఇసుక.

మన గోదావరి డెల్టాలో తవుడుకు ఈ పదవి దక్కడం కూడ అటువంటిదే. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద 1847లో ఆరంభించి 1852లో ముగించిన ఆనకట్ట వలన కాలువల వెంట వరి విస్తరించినది. వడ్లు దంచని ఇల్లు, తవుడు లేని పశువుల పాక అరుదైనవి. ఖర్చు లేని సరకు కనుక తవుడు మూట ప్రతి ఇంటా వైద్యమైనది. అందులో ఒక సుగుణమున్నది. తవుడుకు సహజంగా కొంత తేమ ఉంటుంది. కొద్దిగా నీరు చిలకరించి వేడిచేస్తే ఆ తేమ సన్నని ఆవిరై ఒంటికి పట్టి, వేడి లోతుకు దిగినట్లు తోస్తుంది. ఇసుక సంగతి వేరు. సమాన బరువులో అది ఇముడ్చుకొనే వేడి నీటిలో ఇంచుమించు ఐదవ వంతు మాత్రమే. కాని పొయ్యిమీద దానికి నీటివలె నూరు డిగ్రీల హద్దు లేదు. ఎంత కాచితే అంత కాగుతుంది. అందుచేతనే ఇసుక, ఉప్పు మూటలలో ప్రమాదం హెచ్చు. ఉప్పుకు ప్రత్యేకమైన మందు గుణం ఉన్నదని నమ్మేవారున్నారు. కాని మూటలో పని చేసేది వేడియే.

రబ్బరు సంచి మన ఇండ్లకు చేరిన కథ చిన్నది. పచ్చి రబ్బరు వేడికి జిగురై, చలికి పెళుసై పనికిరాకుండా ఉండేది. అమెరికాలో ఛార్లెస్ గుడ్ఇయర్ గంధకంతో దానిని గట్టిపరచే మార్గం 1839లో కనుగొని, 1844లో పేటెంటు పొందినాడు. జాగ్రెబు నగరంలో నివసించిన పెంకాలా అనే ఇంజనీరు వేడినీళ్ళ సంచికి 1903లో పేటెంటు తీసుకొన్నాడు. యాంత్రికమైన పెన్సిలును మెరుగుపరచినవాడు కూడ ఆయనే. అటుపిమ్మట విద్యుత్తుతో వేడెక్కే పట్టీలు వచ్చినవి. రూపాలు మారినవి గాని పని మారలేదు.

ఆ పని ఏమిటో శాస్త్రజ్ఞులు ఇటీవలి కాలంలోనే వివరించగలిగినారు. వేడి తగిలిన చోట రక్తనాళాలు వెడల్పయి రక్తప్రసారం హెచ్చుతుంది. బిగిసిన కండరం సడలుతుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు పండితులు వెన్నుపాములో నొప్పి వార్తకు ఒక ద్వారం వంటిది ఉన్నదనీ, చర్మంనుండి వచ్చే ఇతర స్పర్శలు ఆ ద్వారాన్ని కొంత మూయగలవనీ ప్రతిపాదించినారు. 1997లో డేవిడ్ జూలియస్ బృందం మిరపకాయ కారాన్ని గుర్తించే గ్రాహకాన్ని కనిపెట్టగా, ఇంచుమించు 43 డిగ్రీలు దాటిన వేడికి కూడ అదే స్పందిస్తుందని తేలినది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి పంచి ఇచ్చినారు. మన భాష ఈ సంగతిని ముందే పసిగట్టినట్లున్నది: మిరపకాయ తింటే నోరు మండుతుందంటాము, నిప్పు తగిలితే చేయి మండుతుందంటాము, రెంటికీ మంట ఒక్కటే. నడుము నొప్పికి వెచ్చని పట్టీ కొద్ది రోజులపాటు కొంత ఉపశమనం ఇస్తుందని 2006లో వెలువడిన కోక్రేన్ సమీక్ష తేల్చినది. ఇది ఉపశమనమే, రోగాన్ని కుదుర్చుతుందని ఎవరూ చెప్పలేదు.

వేడికి కాలంతో కూడ లెక్క ఉన్నది. 1947లో మోరిట్జ్, హెన్రిక్స్ అనే అమెరికన్ పరిశోధకులు చర్మం ఎంత వేడికి ఎంతసేపటిలో కాలుతుందో కొలిచినారు. 60 డిగ్రీల వద్ద ఐదారు సెకన్లు చాలును. 44 డిగ్రీల వంటి గోరువెచ్చనిదనిపించే వేడియైనా, ఆరు గంటలు ఆనించి ఉంచితే చర్మం కాలుతుంది. కాపడం మూటను ప్రక్కలో పెట్టుకొని నిద్రపోవడం ఎందుకు తగదో దీనివలన స్పష్టమవుతుంది.

ఇంట చేసుకొనదలచినవారికి పద్ధతి సులభమే. మందమైన నూలు గుడ్డతో జానెడు పొడవు సంచి కుట్టి ఉంచుకోవలెను. నైలాను, పాలియెస్టరు గుడ్డలు వేడికి కరుగుతవి గనుక పనికిరావు. బియ్యమో ఉలవలో సంచిలో మూడింట రెండు వంతులు పట్టేటంత తీసుకొని, మూకుడులో సన్నని సెగ మీద కలియబెడుతూ వెచ్చజేయవలెను. మాడిన వాసన రాకూడదు. సంచిలో పోసి, మూతి కట్టి, పెట్టేవారు తమ ముంజేతి లోపలి వైపున నిదానంగా ఆనించి చూసుకోవలెను. ఒంటికీ సంచికీ మధ్య ఒక తువ్వాలు వేసి, పదిహేను ఇరవై నిమిషాలు ఉంచి తీసివేయవలెను. తవుడులో నూనె పాలు హెచ్చు గనుక త్వరగా మక్కిపోతుంది. అది ఏ పూటకు ఆ పూట తాజాగా వాడవలసినది. కొత్తగా బెణికి వాచిన చోట మొదటి రెండు రోజులు వేడి పెట్టరాదు. కారణం తెలియని కడుపునొప్పికి, ఎర్రబడి వాచిన పిక్కకు, జ్వరంతో కూడిన వాపుకు కాపడం పెట్టి కాలయాపన చేయక వైద్యుని చూడవలెను. స్పర్శ తగ్గిన పాదానికి ఏనాడూ పెట్టరాదు.

మా నాన్నగారి అరికాలిలో ఆ మచ్చ నేటికీ ఉన్నది. ఆయన దానిని గురించి ఒక్కనాడూ నన్ను మాట అనలేదు. ఇప్పుడు చలి రాత్రులలో ఆయన పాదాలకు కాపడం మాని మెత్తని నూలు మేజోళ్ళు తొడిగి, అరికాళ్ళు చేతితో నిమురుతూ కూర్చుంటాను. నడుము పట్టినప్పుడు మాత్రం బియ్యపు మూట కడతాను. మూట ముందు నా చేతికి ఆనుతుంది, తరువాత ఆయన నడుముకు. అద్దిన ప్రతిసారీ నాయనమ్మ అడిగిన ప్రశ్ననే అడుగుతాను. జవాబు విన్న తరువాత కూడ ఒకసారి తువ్వాలు ఎత్తి చర్మం రంగు చూసుకొంటాను.