ఇల్లు అనే పాఠం: కొంత చరిత్ర, ఒక మనవి

తెలుగు వ్యాకరణంలో 'ఇల్లు' ఒక చిత్రమైన మాట. ప్రథమావిభక్తిలో 'ఇల్లు'గా ఉంటుంది. మరొక విభక్తి చేరబోయేసరికి 'ఇంటి' అయి కూర్చుంటుంది. ఇంటికి, ఇంటిలో, ఇంటినుండి. దీనిని ఔపవిభక్తికమంటారు. కన్ను-కంటి, పన్ను-పంటి, ముల్లు-ముంటి ఈ కోవలోనివే. నాలుగేళ్ళ పిల్లవాడు బాలవ్యాకరణం పేరైనా విని ఉండడు. అయినా బడిగంట కొట్టగానే 'ఇంటికి పోతా' అంటాడే గాని, 'ఇల్లుకు పోతా' అనడు. వాడు బడి గడప తొక్కకముందే ఇల్లు వానికి ఔపవిభక్తికం నేర్పి పంపింది.

ఇటువంటి తొలి గురువును బడి ఏ విధంగా ఆదరించిందో, ఎక్కడ అవమానించిందో ఈ టపాలో కొంత చెప్పదలచాను.

పిల్లల పుస్తకంలోకి ఇల్లు ప్రవేశించడం నిన్నమొన్నటి మాట కాదు. కొమేనియస్ అనే చెక్ విద్యావేత్త 1658లో న్యూరెంబర్గులో 'ఆర్బిస్ పిక్టస్' అనే బొమ్మల పాఠ్యగ్రంథాన్ని వెలువరించాడు. అందులో ఇల్లు, ఇంటి గదులు, వంటశాల అన్నీ బొమ్మలుగా ఉన్నాయి. బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి, వాటి పేర్లు లాటిను, జర్మను భాషలలో ఇచ్చాడు. చూచిన వస్తువుకే పేరు నేర్పాలన్నది ఆయన పట్టుదల. ఆ తరువాత జర్మనీలో ఫ్రోబెల్ వచ్చాడు. యౌవనంలో కొంతకాలం వాస్తుశిల్పం చదివినవాడు. ఎనిమిది చిన్న చెక్క ఘనాలుగా విడిపోయే ఒక పెద్ద ఘనాన్ని పిల్లల చేతికిచ్చాడు. దానితో పిల్లవాడు ఇల్లు కడతాడు, పడగొడతాడు, కుర్చీ చేస్తాడు. కడుతూ కడుతూ సగమూ, పావూ, అరపావూ నేర్చుకుంటాడు. లెక్కల పాఠమూ ఆటా విడివిడిగా లేవు. 1896లో అమెరికాలోని షికాగోలో జాన్ డ్యూయీ తన ప్రయోగ పాఠశాలను తెరచినప్పుడు వంట, కుట్టు, వడ్రంగం వంటి ఇంటి పనులనే చదువుకు కేంద్రంగా నిలిపాడు.

మన దేశంలో ఈ ఆలోచన మన మట్టి వాసనతో వచ్చింది. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీగారి అధ్యక్షతన విద్యాసదస్సు జరిగింది. దాని ఫలితంగా జాకిర్ హుస్సేన్ సంఘం ఏర్పడి, మౌలిక విద్యకు రూపురేఖలు దిద్దింది. చదువు మూడింటితో ముడిపడి ఉండాలన్నారు: చేతిపని, ప్రకృతి పరిసరాలు, సాంఘిక పరిసరాలు. దీనినే మనవారు అనుబంధ బోధన అన్నారు. ఆలోచించి చూస్తే ఈ మూడూ ఒక్కచోట కలిసేది ఇంటిలోనే. గోడ చేతిపని, మట్టి, ఆకు, గాలి, వాన ప్రకృతి, ఎవరు అరుగు మీద కూర్చుంటారు, ఎవరు వాకిట నిలబడతారు అన్నది సంఘం.

మౌలిక విద్య ఎన్నో కారణాలచేత వాడిపోయింది. 1966లో నివేదిక ఇచ్చిన కొఠారీ సంఘం దాని సారాన్ని మెచ్చుకొని, ఆ పేరును మాత్రం పక్కన పెట్టింది. 1980వ దశకంలో బ్రిటిష్ సహాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. చేసి నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం దాని సూత్రాలలో ఉన్నవి. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వెంట వచ్చిన పరిసరాల విజ్ఞాన ప్రణాళికలో ఆవాసం ఆరు ప్రధానాంశాలలో ఒకటి. పేరు మారినా, ప్రతి తరమూ తిరిగి తిరిగి ఇంటి దగ్గరకే వచ్చిందన్నమాట.

సూత్రం ఇంత చక్కగా ఉండగా చిక్కెక్కడ వచ్చింది? బొమ్మలో వచ్చింది. పాఠ్యపుస్తకాలలో తరచు రెండిళ్ళ బొమ్మలు పక్కపక్కన వేసేవారు. ఒకటి పక్కా ఇల్లు, రెండవది కచ్చా ఇల్లు. ఈ హిందుస్తానీ మాటలకు పండినది, పచ్చిది అని అర్థం. లెక్కలు వ్రాసుకునే గుమాస్తాకు ఆ విభజన అవసరం కావచ్చు. కానీ తరగతిలో కూర్చున్న పిల్లలలో సగం మంది ఆ రెండవ బొమ్మలో నివసించేవారు.

నేను పనిచేసిన ఒక ఊరిలో ఉన్నత పాఠశాల ఆవరణలోనే ప్రాథమిక పాఠశాల ఉండేది. ఒకనాడు అక్కడి ఉపాధ్యాయుడు సెలవులో ఉంటే నాలుగవ తరగతికి నన్ను పంపారు. మీ ఇంటిని గురించి అయిదు వాక్యాలు చెప్పండర్రా అన్నాను. అందరూ చెప్పారు, వెనుక వరుసలోని పిల్లవాడొకడు తప్ప. బుజ్జగించి అడిగితే, "మాది ఇల్లు కాదండి మాస్టారూ, గుడిసండి" అన్నాడు.

ఆ జవాబు వాని తల్లి నేర్పినది కాదు, పుస్తకం నేర్పినది. సరే, ఆ గుడిసెను గురించే చెప్పమన్నాను. చెప్పసాగాడు. నడుమ నిట్రాడ ఎక్కడ పాతుతారో, వాసాలు ఎట్లా కడతారో, తాటాకు ఏ వైపునుండి పరచుకుంటూ రావాలో, కప్పు ఎన్నేళ్ళకొకసారి తిరిగి నేయాలో. మేడపిల్లలు నోళ్ళు తెరచుకొని విన్నారు. వాళ్ళ ఇళ్ళు ఎట్లా కట్టారో వాళ్ళకు తెలియదు. 'నేయడం' అన్న మాట పట్టుకొని, బట్టనూ కప్పునూ ఒకే క్రియతో చెప్పడం మన భాషలోని సొగసని నేను వివరించాను. ఆనాటి తెలుగు పాఠం అదే.

పుస్తకం కచ్చా అని తోసివేసిన ఇంటిలో ఎంత శాస్త్రం ఉందో చూడండి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం తీరగ్రామాలలో చుట్టిళ్ళు ఉండేవి. అక్కడక్కడా ఇంకా కనబడతాయి. గుండ్రని మట్టిగోడ, పైన శంకువు ఆకారంలో తాటాకు కప్పు, నేలకు దగ్గరగా దిగిన చూరు. నలభైనాలుగు అడుగుల గోడ పెట్టగలిగిన కుటుంబం చతురస్రంగా కడితే లోపల 121 చదరపు అడుగుల చోటు వస్తుంది. అదే గోడను గుండ్రంగా తిప్పితే వ్యాసార్ధం ఏడడుగులు, చోటు 154 చదరపు అడుగులు. 33 అడుగులు ఉచితం! ఇది లెక్కలు. గుండ్రని గోడకు మూల లేదు గనుక సముద్రపు గాలి దానిని చుట్టి జారిపోతుంది. ఇది సామాన్యశాస్త్రం. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే గనుక అక్కడ చవుడు మట్టి పరచిన సమతలపు మిద్దె నిలుస్తుంది. అంతకు దాదాపు రెట్టింపు కురిసే తీరంలో కప్పు ఏటవాలుగా ఉండక తప్పదు. ఇది భూగోళం. పెంకుటిల్లు అన్న మాటలో టుగాగమం ఉంది. వాకిలి అంటే కోస్తాలో ఇంటి ముంగిలి, రాయలసీమలో తలుపు. గదిని తెలంగాణలో అర్ర అంటారు. ఇది తెలుగు.

అట్లాగని గుడిసెను పొగిడి, అందులోనే ఉండండని బీదవారికి చెప్పే పాపం నేను చేయను. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో అధికారిక లెక్కలోనే సుమారు పదివేల ప్రాణాలు పోయాయి. ఆ నీటిముందు పాకలు నిలువలేదు. అయితే 1993 సెప్టెంబరు 30 వేకువన లాతూరు ప్రాంతంలో భూమి కంపించినప్పుడు జరిగింది వేరు. రాళ్ళు, మట్టి పేర్చిన మందపాటి గోడలు, బరువైన మట్టికప్పులు నిద్రిస్తున్నవారిపై కూలాయి. అక్కడా దాదాపు పదివేలమంది పోయారు. తేలికైన గడ్డి గుడిసెలు అంతగా ప్రాణాలు తీయలేదు. కాబట్టి పిల్లలను అడగవలసిన ప్రశ్న 'ఏది మంచి ఇల్లు?' అని కాదు. 'ఈ ఇల్లు దేనికి తట్టుకుంటుంది, దేనికి తట్టుకోదు?' అని. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పడానికి కలిగినవారి పిల్లలే లేస్తారు. రెండవదానికి జవాబు ప్రతి పిల్లవాని వద్దా ఉంటుంది. పరిశీలన అనే చదువు అక్కడే మొదలవుతుంది.

కొమేనియస్ నుండి వార్ధా వరకు పెద్దలందరూ చెప్పినది చూచినదానినుండి చదువు మొదలుపెట్టమనే. పిల్లవాడు చూచిన ఇల్లు వాని ఇల్లే, పుస్తకంలోనిది కాదు. దానిని చులకన చేసిన పాఠం ఎన్ని రంగులలో అచ్చయినా పాఠం కాదు.

ఇక మనవి. ఇళ్ళతోపాటు వాటి మాటలూ కూలిపోతున్నాయి. నిట్రాడ, చూరు, వసారా, మండువా, పంచ, అటక అంటే తెలియని పిల్లలకు మన కథలు సగమే అర్థమవుతాయి. మీ ప్రాంతంలో ఇంటి భాగాలకు ఏయే పేర్లుండేవో, మీ పెద్దలను అడిగి మీ మీ బ్లాగులలో వ్రాయండి. వ్యాఖ్యగా పంపినా సంతోషమే. జిల్లాలవారీగా కూర్చి మరొక టపాలో ఉంచుతాను.