అజమ్మూర్ నుండి అల్ జదీదా వరకు

భూమిలో సంచరించి గతించినవారి పర్యవసానాన్ని గమనించమని ఖుర్ఆన్ పలుమార్లు బోధిస్తున్నది. మొరాకోలో అట్లాంటిక్ తీరానగల అజమ్మూర్, అల్ జదీదా పట్టణాల నడుమ దూరం సుమారు 16 కిలోమీటర్లే. సొంతంగా గైడును కుదుర్చుకున్న యాత్రికుడు రెండింటినీ ఒక్క పగటిలో చూడగలడు.

అల్ జదీదాలో చూపరులను ఆకర్షించేవి పోర్చుగీసు కోట, దాని భూగర్భ జలాశయం. 1769లో సుల్తాన్ సీదీ ముహమ్మద్ ముట్టడించగా పోర్చుగీసువారు కోటలో కొంత భాగాన్ని పేల్చివేసి వెళ్ళిపోయారు. శిథిలమైన ఆ ఊరు 19వ శతాబ్దిలో పునర్నిర్మితమై, 'కొత్తది' అనే అర్థంగల నేటి పేరు పొందినది.

అజమ్మూర్ 1513లో పోర్చుగీసు వశమైనది. ఆ ఊరివాడొకడు బానిసగా స్పెయిన్ వారి చేతబడి, 1528లో ఫ్లోరిడా తీరాన దిగి, 1539లో నేటి న్యూ మెక్సికో ప్రాంతంలో హతుడైనాడు. యజమానులు పెట్టిన ఎస్తెవానికో అన్న పేరే చరిత్రకెక్కినది; ముస్తఫా అన్నది తరువాతివారి ఊహ. కోటను చూచివచ్చేవారు ఈ మనిషిని గూర్చి కూడా విచారించాలి. అప్పుడే ఆ సంచారం ఖుర్ఆన్ కోరిన పరిశీలన అవుతుంది.