సహజ ప్రమేహము: అసాధ్యము నుండి యాప్యమునకు



కొన్నేండ్ల క్రిందట ఆషాఢమున, మా పెద్దాపురమున మరిడమ్మ తల్లి జాతర జరుగుచుండగా, ఒక తల్లి 9 ఏండ్ల కుమారునితో నా యొద్దకు వచ్చినది. బాలుడు మిక్కిలి కృశించి యుండెను. మధుమేహమని వైద్యులు నిర్ణయించి నిత్యము ఇన్సులిన్ సూదులు వేయించుచున్నారట. "ఏ జన్మలో ఏం పాపం చేశామండీ, పంతులుగారూ?" అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది. "పూర్వకర్మ తల్లీ, శాంతి చేయించుకో" అంటిని. శాంతి ముగిసినది గదా యని ఆ యింటివారు సూదులు మాన్పించిరి. మూడవనాడు బాలుడు స్పృహ తప్పెను. దైవకృపచేతను, వైద్యుల శ్రమచేతను బ్రతికెను. నా మాటలోని దోషమేమో తెలిసికొనుటకై నేను మరల గ్రంథములు తెరచితిని.

సుశ్రుతాచార్యులు ప్రమేహము ద్వివిధమనిరి: మాతాపితరుల బీజదోషమున కలుగు సహజము, అపథ్యాహారమున కలుగునది. సహజరోగి కృశుడు, అల్పాహారి, దప్పిక గలవాడు. రెండవవాడు స్థూలుడు, బహుభోజి. కృశునికి పోషణమును, స్థూలునికి లంఘనమును విధించిరి. చరకసంహిత బీజదోషమున వచ్చినదానిని అసాధ్యమన్నది. నేటి శాస్త్రము టైప్ 1 అనునదియు, నాటి సహజమును సర్వథా ఒకటే యనుట సాహసము. అయినను బాలుడు తినిన తీపి వలన ఈ వ్యాధి రాలేదను వివేకమునకు మూలము మన గ్రంథములందే కలదు.

మరి కారణమేమి? 1889లో జర్మనులగు మింకోవ్‌స్కీ, వాన్ మెరింగ్ అను వైద్యులు శునకమునకు క్లోమగ్రంథిని తొలగింపగా మధుమేహము కలుగుట చూచిరి. 1974లో లండను పరిశోధకులు రోగుల రక్తమున ఆ గ్రంథికణములకు విరుద్ధమైన ప్రతిరక్షకములను గుర్తించిరి. అనగా దేహమును రక్షింపవలసిన బలమే ఇన్సులిన్‌ను పుట్టించు కణములను హరించుచున్నది. మా ఊరు వత్సవాయి ప్రభువుల కోట యుండిన ఊరు. ఆ పోలికతో చెప్పవలెనన్న, కావలిభటులే తమ కోటలోని ధాన్యపు గాదెలను శత్రుస్థానములని భ్రమించి తగులబెట్టుట వంటిది.

ఈ భ్రమకు మొదటి హేతువు బీజమే. హెచ్.ఎల్.ఏ. అను జన్యుసమూహమున కొన్ని భేదములు గలవారికి అపాయ మధికము. హైదరాబాదులోని సీసీఎంబీ, పుణెలోని కేఈఎం ఆసుపత్రి, ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయము వారు కలసి 2020లో ఒక పరిశోధనను ప్రకటించిరి. ఐరోపావారి జన్యువులనుబట్టి కూర్చిన గణనము భారతీయులలోను టైప్ 1ను టైప్ 2 నుండి వేరుచేయ నుపకరించునని, అయినను మన జన్యుభేదములను చేర్చినచో అది మెరుగుపడునని అందు తేలినది.

కాని బీజ మొక్కటియే చాలదు. అంకురమునకు ఋతువు, క్షేత్రము, జలము, బీజము నాలుగును వలెనని సుశ్రుతుల వాక్కు. ఇది గోదావరి రైతులకు చెప్పనక్కరలేదు. ఒకే రూపుగల కవలలలో ఒకరికి వచ్చిన వ్యాధి రెండవవారికి తప్పక రావలెనను నియమము లేదు. తోబుట్టువులలో నూటికి సుమారు 5 మందికే వచ్చును. రోగులలో అధికసంఖ్యాకుల ఇండ్లలో అంతకుముందు ఈ వ్యాధియే లేదు. ప్రపంచమున ఇది మిక్కిలి అధికముగా నున్న ఫిన్లాండులో 1950ల నుండి పలురెట్లు పెరిగినది. అంత స్వల్పకాలమున జన్యువులు మారవు. కావున పరిసరములందును హేతువు కలదు. ఎంటరోవైరస్ జాతి అంటువ్యాధులకు సంబంధ మున్నట్లు ఆధారములు కలవు. తల్లినే నిందించు ఇరుగుపొరుగు వారు ఒకటి తెలియవలెను: తల్లికి ఈ వ్యాధి యున్నప్పటికంటె తండ్రికి ఉన్నప్పుడే సంతానమునకు అపాయ మధికము.

1922 జనవరిలో టొరంటో నగరమున లియోనార్డ్ థాంప్సన్ అను 14 ఏండ్ల బాలునికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చిరి. నాటితో అసాధ్యమన్నది యాప్యమైనది. యాప్యమనగా చికిత్స సాగినంతకాలము నిలుచునది. కూలబోవు ఇంటిని ఊతకంబము నిలిపినట్లు చికిత్స రోగిని నిలుపునని సుశ్రుతులు ఉపమించిరి. నా మాటచేత ఆ యింట ఊతకంబమే తొలగినది.

కావున బిడ్డలకు అతిదాహము, మాటిమాటికి మూత్రవిసర్జనము, మానిన పక్క తడుపుట మరల మొదలగుట, కృశించుట కనబడినచో ఆనాడే రక్తమున చక్కెర పరీక్ష చేయింపుడు. వాంతులు, ఆయాసము తోడైనచో క్షణమైన జాగు వలదు. ఉపవాసదీక్ష పేరనైనను సూది మానరాదు. కర్మసిద్ధాంతము మన నడవడిని దిద్దుకొనుటకే గాని, ఏడ్చు తల్లిపై మోపుటకు గాదు.

ఆ బాలుడు నేడు కళాశాలలో చదువుచున్నాడు. ప్రతి ఆషాఢమునను వచ్చును. "సూది తప్పడం లేదు కదా, నాయనా?" అని అడిగి గాని తీర్థమీయను. సంధ్యావందనము వలె అది కాలము తప్పరాని నిత్యకర్మ.

స్వస్తి.