మొగలి పువ్వు, అరబ్బు అత్తరు

జహీరాబాదుకు సమీపాన ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరాలయం ఉన్నది. కేతకి అంటే మన మొగలి పువ్వు. శివపూజకు సాధారణంగా నిషిద్ధమైన ఈ పువ్వును అక్కడ దేవునికి సమర్పిస్తారు; క్షేత్రానికి ఆ పేరు దాని వల్లనే వచ్చింది. ఉర్దూలో దీనినే కేవ్డా అంటారు. మన ఇళ్ళలో వలీమా బిర్యానీపై చల్లే కేవ్డా నీరు దీని నుండి తీసినదే. అరబ్బీలో దీని పేరు కాదీ. యెమన్‌లోను, దాని సరిహద్దునున్న జీజాన్‌లోను స్త్రీలు ఈ పువ్వును తలలో తురుముకుంటారు. ఒక పువ్వు మూడు సమాజాలలో ఇంతగా ఇమిడిపోయినప్పుడు, అంగళ్ళలో "అసలైన అరబ్బు పరిమళం" అని అమ్మే సీసాలో అరబ్బులది ఎంత, మనది ఎంత అన్న ప్రశ్న కలగక మానదు.

సరుకు విషయంలో అధికభాగం తూర్పు దేశాలదే. గంధపు చెక్క మన దక్షిణాపథం నుండి, అగరు, కర్పూరం ఇంకా ఆవలి దేశాల నుండి ఓడలపై అరేబియా తీరానికి చేరేవి. దివ్య ఖుర్ఆన్‌లోని దహ్ర్ సూరాలో స్వర్గవాసుల పానీయ ప్రస్తావనలో వచ్చే కాఫూర్, మన కర్పూరం ఒకే పద కుటుంబానికి చెందినవి. సుగంధ ద్రవ్యాల మేళవింపు కూడ ఇక్కడ ప్రాచీన విద్యయే. 6వ శతాబ్దికి చెందిన వరాహమిహిరుని బృహత్సంహితలో దానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది.

అరబ్బు పండితుల గొప్పతనం పద్ధతిలో ఉన్నది. గులాబీ నీటిని బట్టీ పట్టే విద్యను ఇబ్న్ సీనా కనిపెట్టాడని మన వక్తలు తరచు చెబుతుంటారు. ఇది సరికాదు. ఆయన జన్మించింది 980 ప్రాంతంలో. అంతకు శతాబ్దం ముందే, 9వ శతాబ్దిలో, అల్ కిందీ పరిమళాల రసాయనంపై నూరుకు మించిన యోగాలతో ఒక గ్రంథం రచించి, బట్టీ పట్టే విధానాన్ని వివరించాడు. అదే విధంగా గులాబీ అత్తరును నూర్జహాన్ కనిపెట్టిందన్న కథ కూడ ప్రచారంలో ఉన్నది. జహంగీరు తన స్వీయచరిత్రలో ఆ ఘనతను ఆమె తల్లికి ఇచ్చాడు: గులాబీ నీరు తీస్తున్నప్పుడు వేడి నీటిపై తేలిన నూనెను ఆమె కొంచెం కొంచెంగా సేకరించిందట.

దక్కనులో ఈ కళకు రాజాదరణ కొరవడలేదు. బీజాపూరును 1580 నుండి 1627 వరకు పాలించిన రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా కోసం 'ఇత్రె నౌరస్ షాహీ' అనే పారసీక గ్రంథం వెలసింది. తరువాతి కాలంలో నిజాముల సైన్యంలో చేరిన హజ్రమౌత్ అరబ్బులు హైదరాబాదులోని బార్కస్‌లో స్థిరపడి, తమ ఊదు, బఖూరు అలవాట్లను వెంట తెచ్చారు.

పూల అత్తరు తీసే పాత పద్ధతి చూడదగినది. రాగి డేగులో పూలు, నీళ్ళు పోసి మూతను మట్టితో బిగిస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే పాత్రలోకి పోతుంది. చల్లని నీటి తొట్టిలో ఉంచిన ఆ పాత్రలో ముందే గంధపు నూనె పోసి ఉంటుంది. పూల వాసనను పట్టి నిలిపేది అదే. చల్లారిన తరువాత నీటిని వేరుచేసి, అదే నూనెలోకి కొత్త పూల ఆవిరిని మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తారు. ఇందులో మద్యసారం ఉండదు గనుక మనవారు నిస్సంకోచంగా వాడుతారు. గంజాం తీరంలో మొగలి అత్తరును నేటికీ ఈ విధంగానే తీస్తున్నారు.

చిక్కంతా గంధపు నూనె ధరతోనే వచ్చింది. అది సామాన్యునికి అందనంత ప్రియమయ్యాక, దాని స్థానంలో వాసన లేని ఖనిజ తైలం, పూల స్థానంలో కృత్రిమ ద్రవ్యాలు ప్రవేశించాయి. చవక అత్తరు తప్పేమీ కాదని నా అభిప్రాయం. జుమా నాడు స్నానం చేసి, తన ఇంట్లో ఉన్న పరిమళాన్నే పూసుకొమ్మన్న బోధ బుఖారీ హదీసులలో ఉన్నది. ఖరీదైనది కొనితెమ్మని అక్కడ లేదు. పూర్వం నువ్వులను పూల మధ్య పొరలుగా పరచి, వాసన పట్టించి, గానుగలో ఆడించిన ఫులేల్ నూనెతోనే ఎన్నో ఇళ్ళు తృప్తిపడ్డాయి. కాని తైలాన్ని గంధమని చెప్పి అమ్మడం వేరు. తడిసిన ధాన్యాన్ని కుప్ప అడుగున దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) మందలించిన ఉదంతం మనకు తెలిసినదే. ఈసారి అత్తరు కొనేటప్పుడు పరిమళం పేరు తరువాత, అది ఏ నూనెలో దిగిందో కూడ దుకాణదారును అడగండి.